గండికోట బండలపై అలల గుర్తులు

జమ్మలమడుగు ప్రాంతమునుండి యొక సోదరి పోయిన మాసమున మాకు జాబు వ్రాసిరి. ఆమె యిటీవల బంధువులతో గండికోటకు పోయి, మాధవరాయస్వామి గుడియు ధాన్యపుకొట్టును చూచి, లోయయంచున నొక బండపై కూర్చుండిరట. ఆ బండపై వరుసవరుసలుగా సన్నని గట్లు కనబడినవట. చేతితో తడవి చూడగా, ఏటిలో నీరు తీసిపోయిన తరువాత తడియిసుకపై మిగులు చారలవలెనే యున్నవట. వెంటనున్న బడిపంతులుగారు, "ఇది యొకప్పుడు సముద్రపుటడుగు, తెలియునా?" యనిరట.

ఆమె మూడు ప్రశ్న లడిగిరి. ఈ మెట్టసీమలో సముద్రమెట్లుండెను? ఉన్నచో నది యెంత యెత్తున నుండెను? మూడవది జాబు చివర, అడుగవచ్చునో కూడదో యని సంకోచించినట్లు, చిన్న యక్షరములతో నున్నది. వారు తమ కుమార్తెను ఉప్పాడలో మగ్గము నేయువారింటి కిచ్చిరి. అక్కడ కడలి వీధులనే మ్రింగుచున్నది. ఇక్కడి రెండెకరముల మెట్ట నమ్మి, ఆ సొమ్ముతో అల్లునిచేత నక్కడనే గట్టియిల్లు కట్టింపవలెనని యింటివారి యాలోచన. "కోట్లయేండ్లనాటి సముద్రమును గూర్చి చెప్పగల పండితులు రానున్న యిరువదియేండ్లమాట చెప్పలేరా?" యని యామె ప్రశ్న.

మొదటి రెండింటికిని సమాధానము చెప్పినగాని మూడవదాని జోలికి పోవుటకు వీలులేదు. కావున చదువరులు కొంత యోపిక పట్టవలెను.

పెన్నానది యెఱ్ఱమలకొండలను కోసికొని పోయిన గండియే ఆ కోటకు పేరైనది. లోయ లోతు సుమారు 300 అడుగులు. ఇరుప్రక్కల గోడ పేర్చినట్లున్న ఆ యెఱ్ఱనిపొరలు ఒకనాటి యిసుకమేటలు. పైబరువుచేతను కాలముచేతను బిగిసి మిక్కిలి గట్టిరాయి యైనవి. దీనిని భూగర్భశాస్త్రజ్ఞులు క్వార్ట్జైటందురు. విలియం కింగు దొర కడప కర్నూలు సీమల రాళ్ళను పరిశీలించి 1872లో పెద్దగ్రంథము ప్రకటించినది మొదలు నేటివరకును ఈ పొరలను చదువుచునే యున్నారు.

చారలను చదువుట యెట్లు? గట్టునకు రెండువైపులను వాలు సమముగా నుండి కొన సన్నమైనచో, ముందువెనుకల కూగు అలలు దానిని దిద్దినవని యూహింతురు. ఒకవైపు నిక్కి, ఒకవైపు జారుగా నున్నచో ఒకే దిక్కునకు పారిన నీటిపని. అల దిద్దినదైనచో నక్కడ నీరు లోతులేనిదని తేలును. లోతునీటిలో అల అడుగును తాకదు గదా. అయితే యది మోకాలిలోతా, నిలువులోతా యని ఆ చార చెప్పదు. అంతేకాదు, చెరువులోను ఏటిలోను గూడ నిట్టి చారలు పడును. ఒక్క బండను చూచి సముద్రమనుట, ఒక్క మెతుకును చూచి యన్నముతోబాటు కూరగూడ నుడికినదనుటవంటిది. పంతులుగారి మాట తప్పని మేమనము. ఆ మాటకు బలము చుట్టుప్రక్కలనున్న యితర పొరలవలన వచ్చినది. వేంపల్లె ప్రాంతపు రాళ్ళలో స్ట్రొమాటొలైటు లను గుబ్బలు కలవు. కంటికి కానరాని జీవులు సూర్యరశ్మి చొరబడు లోతులేని నీటిలో పొరమీద పొరగా పేర్చి కట్టినవి. మన వంటయిండ్లలో పరచిన కడపబండలును బేతంచెర్ల నాపరాళ్ళును సముద్రజలమున పేరుకొనిన సున్నపుబురదయే. పప్పు రుబ్బుకొనుచు, రొట్టె వత్తుకొనుచు మనము ప్రతిదినము నొక పురాతన సముద్రపు నేలమీదనే మెలగుచున్నాము. అది తలచుకొన్నప్పుడెల్ల మాకు వింతగనే యుండును.

ఇక ఎత్తుమాట. కడపసీమలోని యీ పొరలన్నిటి మందము కొన్ని కిలోమీటర్లు. అంతలోతు సముద్రమా యనిన, కాదు. వానిలో ననేకపొరలయందు లోతులేని నీటిగుర్తులే కనబడుచున్నవి. ఇసుక చేరినకొలది నేల క్రుంగినది, నేల క్రుంగినకొలది మరల నిసుక చేరినది. చెరువులో పాతిన రాటపై నీటిచార పైకి ప్రాకినదనుకొనుడు. నీరు హెచ్చినదా, రాట బురదలో దిగినదా? చారను మాత్రము చూచువారికి రెండును ఒకటియే. సముద్రమట్టమును గూర్చిన చిక్కంతయు నిందే యున్నది. రాయి చెప్పునది సముద్రపు ఎత్తు కాదు. ఆ చోట నేలకును నీటికిని ఆనాడుండిన సంబంధము మాత్రమే.

కాలమును గూర్చియు తగవు తీరలేదు. గండికోటపొర, పులివెందుల తాడిపత్రి పొరలతో నొక్కవరుసలోనిదని చిరకాలము నమ్మిరి. పులివెందుల దగ్గర పొరలలోనికి చొచ్చుకొని చల్లారిన యగ్నిశిల వయస్సు సుమారు 188 కోట్ల యేండ్లు. దానినిబట్టి గండికోటరాయియు నించుమించుగా నాకాలమునకే చేరునని తలంచిరి. 2015లో కొందరు పండితులు గండికోట యిసుకలోని జిర్కానను రేణువుల వయస్సు కట్టి చూచిరి. వానిలో మిక్కిలి లేతదాని వయస్సు 118 కోట్ల యేండ్లు, మూడుకోట్లవరకు హెచ్చుతగ్గులుండవచ్చును. ఆవకాయజాడీలో నీ యేటి మామిడిముక్క యొక్కటి యగపడినను ఆ జాడీని నిరుడు పెట్టలేదని తేలిపోవును గదా. ఆ విధముగనే యీ పొర 118 కోట్ల యేండ్లకంటె పాతది కాజాలదని వారి వాదము. అనగా నొక్కదెబ్బతో డెబ్బదికోట్ల యేండ్లు జారిపోయినవి! జాడీ నెప్పుడు పెట్టిరో మాత్రము ఆ ముక్కయు చెప్పదు. అంతకు ముందు కాదనుటయే దాని సాక్ష్యము.

ఇంత ప్రాచీనమును విడిచి మనకు దగ్గరకాలమునకు వచ్చినచో లెక్కలు కొంత బిగియును. సుమారు 21,000 యేండ్లక్రిందట భూమిపై మంచు విస్తారముగా గడ్డకట్టియుండి, సముద్రము నేటికంటె 120 మొదలు 130 మీటర్లు దిగువ నుండెను. దీనికి పేరుపడిన సాక్ష్యము బార్బడోసుద్వీపమునొద్ద సముద్రమున మునిగియున్న పగడపురాళ్ళు. వానిని తొలిచి తీసి ఫెయిర్‌బ్యాంక్సు అను పండితుడు 1989లో 121 మీటర్లని తేల్చెను. అయిదు మీటర్లు ఇటునటు కావచ్చునని చేర్చెను. ఆ యైదుమీటర్ల వెనుక నెంత కథ యున్నదో చూడుడు. ఆ జాతి పగడము సాధారణముగా నీటిపైభాగమున నైదారుమీటర్లలో పెరుగును, కాని యప్పుడప్పుడు లోతునను బ్రతుకును. ఆ ద్వీపమే మెల్లమెల్లగా పైకి లేచుచున్నది. దానికి తరుగు తీయవలెను. ఉత్తరదేశములలో మంచుబరువుచే నణగిన నేల, ఆ బరువు తొలగినపిదప నేటికిని లేచుచునే యున్నది. ఆ కదలిక ప్రపంచపు సముద్రములన్నిటి లెక్కలను కదల్చుచున్నది. అంకె చెప్పి యూరకుండిన పండితునికంటె, అంకెతో దాని సందేహమునుగూడ తూచి యిచ్చిన పండితుని మేము హెచ్చుగా నమ్ముదుము.

మన తీరముననే యొక దృష్టాంతము కలదు. నేడు సముద్రమునకు దూరముగా లోపలనున్న కొల్లేటి దాపుననే సుమారు 6,000 యేండ్లక్రిందట తీరముండెనని, అక్కడినుండి వరుసలుగా నున్న పాత యిసుకతిన్నెలనుబట్టి చెప్పుచున్నారు. అప్పటినుండి సముద్రము తగ్గినదని తలంచితిమా, మోసపోతిమి. కృష్ణా గోదావరులు ఒండ్రుమట్టి తెచ్చిపోసి కడలిని వెనుకకు త్రోసినవి. తీరము కదలుట వేరు, మట్టము మారుట వేరు. పాతగవ్వల వయస్సునందును ఒక మాయ యున్నది. సముద్రజలమున పాతబొగ్గుపులుసువాయువు కలిసియుండుటచేత, ఆ గవ్వలు తమ యసలు వయస్సుకంటె సుమారు 400 యేండ్లు ముదిరినట్లు కనబడును. దానిని సవరింపక లెక్కవేసినచో తారీఖులు తారుమారగును.

ఆ సోదరికి సముద్రము మరల గండికోటకు వచ్చునను భయము కొంచెము పుట్టినట్లు తోచుచున్నది. అది యక్కరలేదు. గండికోట జలాశయపు నిండుమట్టమే సముద్రముపై 212 మీటర్లు. లోకములోని మంచంతయు కరగినను కడలి లేచునది డెబ్బదిమీటర్లకు లోపలనే.

ఉప్పాడ సంగతి యట్లు కాదు. విశాఖపట్టణమున 1937 మొదలు సముద్రమట్టమును యంత్రముతో కొలుచుచున్నారు. లోకమంతటి కొలతలను కలిపి చూడగా, 1901 మొదలు 2018వరకు సముద్రము సుమారు 20 సెంటీమీటర్లు లేచినది. పదునైదునకు తగ్గదు, ఇరువదియైదునకు మించదు. 2006కు తరువాతి పండ్రెండేండ్లలో ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున లేచినది. ఈ వేగమే నిలిచినచో నిరువదియేండ్లకు నాలుగువ్రేళ్ళ వెడల్పు; వేగము పెరుగుచున్నది గావున నంతకు కొంత హెచ్చు. రాతినేలపైనున్న విశాఖకు సరిపోయిన లెక్క, మెత్తని యొండ్రుమట్టి యణగుచున్న డెల్టాకు సరిపోదు. అక్కడ నీరు లేచుటయు, నేల దిగుటయు రెండును కూడును.

అయినను నాలుగువ్రేళ్ళ నీరు వీథికి వీథిని మ్రింగునా? ఉప్పాడలో అంతకంటె ముఖ్యమైనది ఇసుక లెక్క. అలలు కొనిపోవు నిసుకకు బదులిసుక వచ్చి చేరవలెను. గోదావరి తెచ్చు మట్టి ఆనకట్టలవెనుక నిలిచిపోవుచున్నది. కాకినాడ కెదురుగా హోప్‌దీవి పెరిగి ప్రవాహముల నడకను మార్చినది. నష్టములో దేని పాలెంత యన్నది పండితులకును నిర్ణయము కాలేదు.

ఇప్పుడు మూడవ ప్రశ్నకు మా సమాధానము. ఇరువదియేండ్లలో సముద్రమెంత లేచునో, కొంత హెచ్చుతగ్గులతో, పండితులు చెప్పగలరు. మీ యల్లుని గడప నిలుచునా యని యెవ్వరును చెప్పలేరు. కాని చెప్పలేమన్నమాటను "ఏమియు కాదులే" యని యర్థము చేసికొనరాదు. తల్లీ, రెండెకరముల మెట్ట యమ్మవద్దు. వానలేని యేడు పంట రాకపోయినను ఆ నేల యక్కడనే యుండును. ఇల్లు కట్టక తప్పదనినచో పిఠాపురమువైపు లోపలికి జరిగి, తీరప్రాంతపు నిబంధనలను ముందుగా విచారించి కట్టుడు. మగ్గమును వెంట తీసికొని పోవచ్చును.

అంతకు ముందు రెండుమూడు సంగతులు విచారించి మాకు వ్రాయవలెను. అమ్మాయి కాపురమునకు పోయిననాడు గడపనుండి అలకు ఎన్నియడుగు లుండెనో, నేడెన్నియో, నడుమ నెన్ని యేండ్లు గడచినవో కావలెను. ఊరిలోని ముసలమ్మల నడిగి, మునిగిపోయిన గుడియో, బావియో, వీథియో యే తుపానునాడు పోయినదో వరుసగా వ్రాయించుడు. వారిది గుంటమగ్గమైనచో, వానలులేని దినములలో ఆ గుంటయడుగున చెమ్మ యూరుచున్నదా, ఊరినచో నోటికి ఉప్పుగా నున్నదా యనియు అమ్మాయినే చూచి చెప్పుమనుడు.