మా ఊరి బడి మంచిదేనా?

మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల మంచిదా కాదా అని అడిగితే సూటిగా సమాధానం చెప్పేవారు మా వీధిలో కనబడరు. ఒకరు చేతులెత్తి దణ్ణం పెడతారు, మరొకరు పెదవి విరుస్తారు, ఇంకొకరు ఆ రెండు పనులూ ఒకే సంభాషణలో చేస్తారు. ఈ మూడోరకం వారి మాటలే నాకు విలువైనవిగా తోస్తాయి. ప్రభుత్వ పాఠశాలల గురించి మనం చదివే వ్యాసాలలో తరచు రెండే స్వరాలు వినబడతాయి. సర్కారు బడి చచ్చిపోయిందని శోకించేది ఒకటి, వీధిబడిలో చదివినవారే మహానుభావులయ్యారని చాటేది మరొకటి. పిల్లవాడి చెయ్యి పట్టుకుని రోజూ గేటుదాకా వెళ్ళే మనిషికి ఈ రెండింటితోనూ పని లేదు. ఈ ఏడు ఒకటో తరగతికి ఎవరు చెబుతారన్నదే ఆ మనిషికి కావలసిన సంగతి.

మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకుని బతికే ఒక ఇల్లాలు ఉంది. ఆమె పెద్దపిల్ల 2016లో ఆ బడిలోనే ఒకటో తరగతిలో చేరింది. మొదటి రెండేళ్ళూ ఒకే టీచరమ్మ చెప్పారు. ఆ పిల్ల ఇవాళ ఏ కాగితం చేతికొచ్చినా చదువుతుంది, కిరాణా పొట్లం కట్టిన పేపరుముక్కతో సహా. రెండో పిల్ల 2020లో అదే బడిలో చేరింది. చేరేనాటికి కరోనా. చిన్న తరగతులు తెరిచింది 2021 ఫిబ్రవరిలో, మళ్ళీ మూసింది ఏప్రిల్‌లో. ఆగస్టులో బడి తెరిచేసరికి పిల్ల రెండో తరగతికి వచ్చేసింది, ఆ టీచరమ్మ బదిలీ మీద వెళ్ళిపోయారు. 2022లో వచ్చిన 117 నంబరు ఉత్తర్వు ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు కలిపారు. అక్షరాలు కూడబలుక్కునే పిల్ల కాలువ దాటి వెళ్ళి, పదో తరగతి వాళ్ళు తిరిగే ఆవరణలో సబ్జెక్టుకొక మాష్టారు దగ్గర కూర్చుంది. ఇప్పటికీ ఒత్తక్షరం వస్తే ఆగిపోతుంది.

ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే బడి, ఇద్దరు పిల్లలు. ఆ తల్లి బడిని మెచ్చుకున్నప్పుడు ఆమె మనసులో ఉన్నది పెద్దపిల్ల, తిట్టినప్పుడు చిన్నపిల్ల. ఈ రెండు మాటలనూ కూడి రెండుతో భాగించి "ఫరవాలేదు" అని తేల్చడం అన్యాయం. ఎందుకంటే ఆ ఇద్దరిలో ఏ ఒక్కరికీ ఫరవాలేదన్న చదువు అందలేదు. ఒకరికి బాగా అందింది, ఒకరికి అందలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు, నాలుగో తరగతి లెక్క చాలు. విద్యాహక్కు చట్టం (2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు) ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అదే చట్టం అరవైమంది పిల్లల దాకా ఇద్దరు ఉపాధ్యాయులు చాలునంటుంది. కాని తరగతులు ఐదు. ఇద్దరు కలిసి చెప్పగలిగేది 1600 గంటలు. దానిని ఐదు తరగతులకూ పంచితే తరగతికి 320 గంటలు వస్తాయి. మిగిలిన 480 గంటలూ పిల్లలు ఎక్కాలు వల్లెవేస్తూనో, చూచిరాత రాస్తూనో, పక్కవాడిని గిల్లుతూనో గడపవలసిందే. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, మండల కేంద్రంలో సమావేశానికి వెళ్ళినా, ఆ పూట లెక్క ఇంకా సగానికి పడిపోతుంది. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప ఇతర పనులు ఉపాధ్యాయులకు అప్పగించరాదని అదే చట్టంలో ఉంది. అయినా కొన్నేళ్ళపాటు బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని కూడా వారిదే అయింది. (ఆ ఫొటోలను అవతల ఎవరు కూర్చుని చూసేవారో, ఆ ఉద్యోగం ఎటువంటిదో ఊహించుకుంటే జాలి వేస్తుంది.)

ఒక బడిలో ఇద్దరే ఉపాధ్యాయులున్నప్పుడు బడి అంటే ఆ ఇద్దరే. వారిలో ఒకరు మారితే సగం బడి మారిపోయినట్టు. పదిహేనుమంది ఉన్న పట్టణపు పాఠశాలలో ఒక మాష్టారు బద్ధకస్తుడైతే మిగతా పద్నాలుగురిలో కలిసిపోతాడు. రెండు గదుల బడిలో ఆయన ఒక తరం చదువుకు అడ్డం పడతాడు. అలాగే ఒక మంచి టీచరు ఒక తరాన్ని గట్టెక్కిస్తుంది. మా ఊరి వారు ఏ సంగతికైనా సంవత్సరం చెప్పకుండా "ఫలానా టీచరుగారు ఉన్నప్పుడు" అంటారు. అది వట్టి మాట తీరు కాదనీ, బడి చరిత్రను సరిగ్గా అలాగే వ్రాయాలనీ నా అభిప్రాయం.

భవనం సంగతి చెప్పకపోతే పొరపాటవుతుంది. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన 'నాడు-నేడు'లో మా బడికి కూడా రంగులు, బల్లలు, నీళ్ళు వచ్చే మరుగుదొడ్లు వచ్చాయి. మధ్యాహ్న భోజనం 2003 జనవరి నుంచి ఉన్నదే. కోడిగుడ్డు, చిక్కీ, 2023 నుంచి రాగిజావ, 2025 జూన్ నుంచి సన్నబియ్యం. వీటిని చిన్నచూపు చూసేవారు ఆకలి తెలియనివారు. మరుగుదొడ్డి లేక ఆడపిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగకుండా కూర్చున్న రోజులు మా ఊళ్ళో అందరికీ గుర్తే. అయితే తల్లిదండ్రులతో పది నిమిషాలు మాట్లాడితే ఈ మంచి మాటలన్నీ మొదటి రెండు నిమిషాలలో అయిపోతాయి. మిగతా ఎనిమిది నిమిషాలూ "కానీ" తరువాత వచ్చేవే.

ఆ "కానీ" తరువాత వచ్చేది ఏమిటి? తెలుగు మీద మమకారంతో వ్రాసే మిత్రులకు ఇది రుచించకపోవచ్చు, కాని నేను విన్నంతలో అది మాధ్యమం గొడవ కాదు. 2019 నవంబరులో ఆంగ్ల మాధ్యమం ఉత్తర్వులు రావడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేయడం, ఆ తరువాత ఎడమ పేజీ ఒక భాషలో, కుడి పేజీ మరొక భాషలో ఉన్న పుస్తకాలు బడికి చేరడం మనకు తెలిసినవే. అప్పట్లో పత్రికలలో జరిగిన యుద్ధం చూస్తే రాష్ట్రంలో ప్రతి పిల్లవాడూ తెలుగు ధారాళంగా చదివేస్తున్నాడనీ, ఆ తెలుగును లాక్కోవడమొక్కటే ప్రమాదమనీ అనిపించేది. మా ఊరి మూడో తరగతి పిల్లవాడి ముందు ఆ పుస్తకం తెరిచి పెట్టండి. ఏ పేజీ చదవలేనివాడికి రెండు పేజీలున్నా ఒకటే. మాతృభాషలో బోధన మేలన్నది నేను నమ్ముతాను. కాని అక్షరం నిలబెట్టే మనిషి తరగతిలో లేనప్పుడు మాధ్యమం గురించి వాదించడం, వంటమనిషి లేని వంటింట్లో పోపు ఏ నూనెతో పెట్టాలని తగువులాడుకున్నట్టుంటుంది. తమ పిల్లలను కాన్వెంటుకు పంపుతూ పొరుగువారి పిల్లలకు తెలుగు మాధ్యమాన్ని సిఫారసు చేసే పెద్దలకు ఈ సంగతి ఇంకొంచెం మెల్లగా చెప్పవలసి ఉంటుంది.

కాన్వెంటుల గురించి ఎక్కువ చెప్పను. పసుపు బస్సు ఎక్కే పిల్లలందరూ చదివేస్తున్నారని వాటి యజమానులు కూడా అనరు. ఆటో నడిపే ఒక తండ్రి అప్పు చేసి మూడేళ్ళు ఫీజు కట్టి, పిల్లవాడు పాఠం మొత్తం చూడకుండా అప్పజెప్పి, అందులో ఒక మాట వేలు పెట్టి చూపిస్తే చదవలేకపోవడం గమనించి, తిరిగి ఊరి బడిలో వేశాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఈ రాకపోకలు ఏటా జూన్‌లో జరుగుతూనే ఉంటాయి. అయితే అన్ని ఇళ్ళవారూ ఒకేసారి వెళ్ళలేదు, అందరూ తిరిగి రాలేదు. ముందుగా వెళ్ళినవారు పొలాలున్నవారు, ఉద్యోగాలున్నవారు, ఎం.ఇ.ఓ. గదిలోకి చెప్పులతో వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చోగలిగినవారు. మిగిలినవారు కాలనీవారు, కూలికి వెళ్ళేవారు, మాష్టారు ముందు నిలబడే మాట్లాడేవారు. గట్టిగా అడగగలిగిన గొంతులన్నీ ముందే వెళ్ళిపోయిన బడిలో అనుభవాలు మంచివైనా చెడ్డవైనా బయటికి వినబడవు. మా బడికి జరిగిన నష్టాలలో అన్నిటికన్న పెద్దది ఇదేనని నేననుకుంటాను.

చట్టం దీనికి ఒక మార్గం చూపింది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలన్నది. కాగితం మీద మా బడికి నిజమైన యజమానులు వారే. ఆచరణలో కమిటీ సభ్యురాలి ఇంటికి రిజిస్టరు వస్తుంది, సంతకమో వేలిముద్రో వేసుకుని వెళ్ళిపోతుంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల సమావేశాలు ఒకేరోజున జరిపారు. ముగ్గులు, ఆటలు, సహపంక్తి భోజనం. మంచిదే, బడి గడప తొక్కని తండ్రులు కూడా ఆ రోజు వచ్చారు. కాని ఆనాడు ఒక్కొక్క పిల్లవాడిని పిలిచి, తల్లి ఎదుట పదిపంక్తులు చదివించి ఉంటే తరువాత జరిగే సంభాషణ వేరుగా ఉండేది. ఇందుకు నిధులు అక్కరలేదు, ఉత్తర్వులు అక్కరలేదు. చదువు రాని తల్లికి కూడా పిల్ల తడుముకుంటున్నదో లేదో చెవికి తెలుస్తుంది.

117 ఉత్తర్వును 2025లో రద్దు చేశారు. పిల్లల సంఖ్య సరిపోయినచోట తరగతికొక ఉపాధ్యాయుడుండే ఆదర్శ పాఠశాలలు పెట్టారు. మా బడికి మూడు తరగతులూ తిరిగి వచ్చాయి గాని ఆ సంఖ్య లేదు. కనుక మళ్ళీ ఇద్దరు, ఐదు తరగతులు. సంఖ్య ఎందుకు లేదు? ఉపాధ్యాయులు చాలక తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోయారు కనుక. ఉపాధ్యాయులు ఎందుకు చాలరు? పిల్లలు లేరు కనుక. ఈ గానుగలో తిరిగేది మాత్రం ఐదారేళ్ళ పసివాళ్ళు. ముందు పిల్లలను చూపించండి, అప్పుడు ఉపాధ్యాయులనిస్తామనడం ప్రభుత్వానికి సులువు. కాని తన ఒక్క బిడ్డను ముందుగా పందెం ఒడ్డమని ఏ తల్లినీ అడిగే హక్కు ఎవరికీ లేదు. మొదటి అడుగు ప్రభుత్వమే వెయ్యాలి. కనీసం ఒకటి, రెండు తరగతులకు విడిగా ఒక ఉపాధ్యాయుని ఇచ్చి, ఒకటిలో చేర్చుకున్న పిల్లలు రెండు దాటేదాకా ఆయనను కదల్చకుండా ఉంచాలి. ఐదేళ్ళు అలా ఉంచి, అప్పటికీ పిల్లలు రాకపోతే అప్పుడు లెక్కలు మాట్లాడుకోవచ్చు.

కుట్టుమిషను ఇల్లాలి మూడోవాడికి ఐదేళ్ళు నిండుతున్నాయి. 'తల్లికి వందనం' కింద 2025లో ఖాతాలో పడిన పదమూడేసి వేలు ఇద్దరు ఆడపిల్లల పేర వచ్చాయనీ, వాటితో వాడిని పక్క ఊరి కాన్వెంటులో వెయ్యవచ్చుననీ ఆమె భర్త అంటున్నాడు. ఆమె ఇంకా ఏమీ తేల్చలేదు. మొన్న జాకెట్టు గుడ్డ కొలుస్తూ నన్నొక మాట అడిగింది. "అన్నయ్యగారూ, ఈ వేసవిలో బదిలీలుంటాయంటున్నారు. మన బడికి ఎవరొస్తారో ముందుగా తెలుసుకునే దారేమైనా ఉందాండీ?"