కొత్త కిడ్నీ వచ్చాక కూడా నీరసమా?

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ పక్కనే తిరిగే మాకు రక్తం తక్కువంటే తిండి లోపమనే లెక్క. కిడ్నీ మార్పిడి అయిన రెండేళ్లకి మా వదిన, ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచే మనిషి, సగం దారిలోనే కూలబడుతుంటే నేనూ బీట్‌రూట్, ఖర్జూరాలే మోశాను. "కొత్త కిడ్నీ పెట్టారుగా, ఇంకా నీరసమేంటి?" అని కూడా అన్నాను, దాచడమెందుకు.

పరీక్షలో హిమోగ్లోబిన్ 8.6. ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి.

రక్తం తయారుచెయ్యమని ఎముక మజ్జకి కబురుపెట్టే ఎరిత్రోపోయిటిన్ వచ్చేది కిడ్నీ నుంచే. కొత్త కిడ్నీ మందగించినా అది తగ్గుతుంది. ఐరన్ లోపమో, ఏదైనా ఇన్ఫెక్షనో కావచ్చు. కిడ్నీని కాపాడే మైకోఫెనొలేట్ మాత్రలే మజ్జని అణచనూవచ్చు. ఇన్నిట్లో ఏదో బీట్‌రూట్‌కేం తెలుసు?

మాత్రల మాట వినగానే వదిన వాళ్లమ్మగారు "అయితే మానెయ్యవే" అన్నారు. నా గుండె జారిపోయింది. సొంతంగా మానేస్తే ఒళ్లు ఆ కిడ్నీనే తిరస్కరించవచ్చు! మోతాదు మార్చాల్సింది నెఫ్రాలజిస్టే. ఆయనే మార్చారు, ఐరన్ కూడా ఎక్కించారు.

ఈ నీరసం మా అన్నయ్యకి వచ్చుంటే మర్నాడే ఆస్పత్రికి పరిగెత్తేవాళ్లం. వదినకి మాత్రం మూడు నెలలు బద్ధకమని పేరు పెట్టాం. ఆ మాట అన్నవాళ్లలో ఆడవాళ్లమే ఎక్కువ.