ఊయలపడకకు అడుగుబొంత



ఈ నెల నాకందిన జాబులలో నొకటి నన్ను మిక్కిలి యాలోచింపజేసినది. గుంటూరు ప్రాంతమునుండి యొక సోదరి వ్రాసినది. ఆమె కుమార్తె అమెరికాలోని జార్జియా రాష్ట్రమున చదువుకొనుచున్నది. రానున్న డిసెంబరు సెలవులలో తోడి విద్యార్థినులతో గూడి కొండలలో రెండు రాత్రులు గడప నిశ్చయించుకొన్నదట. అదియు నేలపై వేసిన గుడారములో గాదు, రెండు చెట్ల నడుమ గట్టిన గుడ్డయూయలలో. "అమ్మాయి వీపునకు చలి తగులకుండ నా పాతచీరలతో మంచి బొంత కుట్టి పంపెదను. అది చాలునా? మా అత్తగారు అసలు పోనే వలదనుచున్నారు" అని యామె ప్రశ్న. పిల్లలను దూరదేశములకు పంపిన తల్లులు మనలో ననేకులు గలరు గనుక సమాధానము నిచ్చటనే వ్రాయుచున్నాను.

సోదరీ, బొంత పంపవలదు. అందు మీ ప్రేమ యున్నది గాని యా రాత్రికి కావలసిన వెచ్చదనము లేదు. ఆ యూయలను అచ్చటివారు హ్యామక్ అందురు. దానికి వెలుపల, అడుగున కట్టుకొనుటకు ప్రత్యేకమైన బొంత యొకటి గలదు; దుకాణములలో దానిని అండర్‌క్విల్టు అని యడుగవలయును. మనము అడుగుబొంత యనుకొందము. అది యేల కావలయునో తెలిసికొన్నచో ఎట్టిది కొనవలయునో తనంతనే తెలియును.

వెచ్చదనము గుడ్డలో లేదు, దూదిలో లేదు. వానియందు చిక్కుకొని కదలక నిలిచిన గాలిలో నున్నది. మాఘమాసపు టుదయమున గోడపై గూర్చున్న పావురమును చూడుడు. ఈకల నుబ్బించుకొని బంతివలె నుండును. దానికి కొత్త యీకలు రాలేదు. ఉన్న యీకల నడుమ గాలిని నింపుకొన్నది. అణగిపోయిన పాత పఱుపును దూదేకులవానికిచ్చి యేకించినచో, దూది తూకము పెరుగకున్నను పఱుపు వెచ్చనగుట మన మందఱ మెఱిగినదే. మా యింటివారు బడిలో పిల్లలకు ఉష్ణప్రసారమును బోధించునప్పుడు ఈ పఱుపు దృష్టాంతమునే చెప్పుదురు.

ఇక ఊయల సంగతి. ఇది కరీబియను దీవులలోని టైనోలను ఆదివాసుల పడక. 1492లో కొలంబసు బహామా దీవులలో దీనిని చూచెను. ఉష్ణదేశమువారు దీనిని వాడుటకు గల కారణములలో క్రిందనుండి గాలి యాడుట యొకటి. చలిదేశమునకు వచ్చునప్పటికి ఆ గుణమే దోషమైనది. పండుకొన్నవారి బరువు వీపు క్రింది బొంతను నలిపి, అందలి గాలిని వెడలగొట్టును. నలిగిన బొంత వట్టి గుడ్డతో సమానము. దాని క్రిందుగా చలిగాలి రాత్రియంతయు వీచుచుండును. పైన నాలుగు దుప్పట్లు కప్పినను వీపు, పిఱుదులు చల్లబడుచునే యుండును. మీ చీరలబొంతకు మఱియొక దోషము కూడ గలదు. నూలుగుడ్డ చెమటను, మంచును పీల్చుకొని త్వరగా ఆరదు. తడిసిన నూలు చలిని తగ్గింపక హెచ్చించును.

అడుగుబొంత ఊయల లోపల గాక వెలుపల వ్రేలాడును. రెండు కొసలను సాగెడి త్రాళ్ళతో ఊయలకే తగిలింతురు. మనిషి బరువు దానిపై పడదు గనుక అది యుబ్బియే యుండును. వీపునకు క్రిందుగా నిలిచిన గాలి పొర యేర్పడును. ఇంత సులభమైన యుపాయము.

అమ్మాయి పోవు కొండలలో స్ప్రింగర్ అను శిఖరము గలదు. అచ్చటినుండి మెయిన్ రాష్ట్రమువరకు సుమారు 3,500 కిలోమీటర్ల అప్పలాచియన్ కాలిబాట సాగును; 1937లో అది పూర్తియైనది. నేల వాలుగాను, రాళ్ళు వేళ్ళతోను నిండియుండుటచే బాటసారులు పెక్కుమంది ఊయలలను వాడుదురు. ఆ శిఖరము మన లంబసింగికంటె కొంచెమే యెత్తు. అయినను చాల ఉత్తరమున నున్నందున డిసెంబరు రాత్రులు నీరు గడ్డకట్టు చలికి దిగువకు పోవుట సాధారణము.

కొనునప్పుడు మొదట చూడవలసినది చలికొలత. ప్రతి యడుగుబొంతపైనను ఫారన్‌హీటు లెక్కలో 40, 20, 0 అని యంకెలుండును. అవి సెంటీగ్రేడున వరుసగా 4, సున్నకు దిగువ 7, దిగువ 18 డిగ్రీలు. ఎంత చలివరకు అది యాగునో యా యంకె చెప్పును. అయితే అవి తయారుచేయువారు తమ తమ లెక్కలచొప్పున చెప్పుకొను నంకెలు. ఒకరికి చాలినది మఱియొకరికి చాలదు. మన యాడపిల్లలలో చలి కోర్వలేనివారు పలువురు. కావున వాతావరణశాఖ చెప్పిన చలికంటె 10 ఫారన్‌హీటు డిగ్రీలు ఎక్కువ చలి కాగునది యెన్నుకొనుట మేలు. రాత్రి 30 డిగ్రీలున్నచో 20 డిగ్రీల బొంత కావలయునన్నమాట.

రెండవది, లోపలి సరకు. ఇవి ముఖ్యముగా రెండు జాతులు. మొదటిది బాతులయు, పెద్దబాతులయు ఱొమ్మునందలి నూగుటీకలు. ఇంత తేలికగా ఇంత వెచ్చదనము నిచ్చునది వేఱొకటి లేదు. నిలువెల్ల వచ్చు 20 డిగ్రీల బొంత సుమారు 600 గ్రాములు మాత్రమే తూగును. నూగు నాణ్యమును 650, 800, 900 వంటి యంకెలతో తెల్పుదురు. ఒక ఔన్సు, అనగా 28 గ్రాముల నూగు స్వేచ్ఛగా నుబ్బినప్పుడు ఎన్ని ఘనపుటంగుళముల చోటు నాక్రమించునో యది యా యంకె. అంకె హెచ్చినకొలది అంతే వెచ్చదనమునకు తక్కువ నూగు చాలును; వెలయు హెచ్చును. దీని దోషము, తడిసినచో నణగిపోయి నిరుపయోగ మగుట. రెండవ జాతి పాలియెస్టరు నూలుతో చేసిన కృత్రిమ దూది. ఇది కొంత బరువు, మడిచినను చోటెక్కువ పట్టును. కాని తడిసినను కొంత వెచ్చదనమును నిలుపును, త్వరగా ఆరును, వెలయు తక్కువ.

ఇచ్చట మన యిండ్లలో నొక సందేహము పుట్టును. పక్షుల యీకలపై పండుకొనవచ్చునా? ఈ నూగు చాలవఱకు మాంసముకొఱకు చంపిన పక్షులనుండి వచ్చునదే. బ్రతికియున్న పక్షుల యీకలు పెఱుకలేదని, బలవంతముగా మేపలేదని తనిఖీచేసి ముద్రవేయు రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ అను ప్రమాణము 2014నుండి గలదు. అదియు మనసునకు సమ్మతము గానివారు కృత్రిమ దూదినే కొనవచ్చును. రెండు రాత్రుల ప్రయాణమునకు ఆ నాలుగువందల గ్రాముల యధికభారము లెక్కింపదగినది కాదు. నేనైతే మొదటిసారి పోవు పిల్లకు, మంచు చెమ్మల నెఱుగనిదానికి, కృత్రిమ దూదియే మేలని చెప్పుదును.

మూడవది, పొడవు. భుజమునుండి మోకాలి దిగువవఱకు మాత్రమే వచ్చు ముప్పాతిక బొంతలు గలవు. అవి తేలిక, చౌక. కాని పాదముల క్రింద వేఱుగా మెత్త పెట్టుకొనవలయును. రాత్రి నిద్రలో కాలు ప్రక్కకు జరిగినచో మెత్త మీదనుండి జాఱును. అలవాటు లేనివారికి తల మొదలు పాదములవఱకు వచ్చునదే క్షేమము.

ఎంత మంచి బొంత కొన్నను, కట్టుట తెలియనిచో వ్యర్థము. అది ఊయలకు అంటియుండవలయును గాని బిగియరాదు. వదులైనచో నడుమ సందు మిగిలి, ఆ సందున చలిగాలి సుడితిరుగును. బిగిసినచో నణగి యుబ్బు పోవును. అమ్మాయి ఊయలలో పండుకొని, స్నేహితురాలిచే క్రింద చేయి పెట్టి చూపించుకొనవలయును. వీపు క్రింద, పిఱుదుల క్రింద సందు లేకుండ, ఒత్తిడియు లేకుండ నున్నచో సరియైనది. రెండు కొసలయొద్దను గాలి దూరకుండ త్రాడు లాగి ముడుచుకొనవలయును. చెట్ల నడుమ 12 మొదలు 15 అడుగుల దూర ముండవలయును. చెట్ల బెరడు కోసుకొనిపోకుండ వెడల్పు పట్టీలే వాడవలయును. పైన వాన, మంచు, గాలి తగులకుండ నొక పందిరిగుడ్డ తప్పదు.

అడుగుబొంత క్రిందిసగమును మాత్రమే కాపాడును. పైన కప్పుకొనుటకు అంతే చలి కాగు మఱియొక బొంత కావలయును. తలకు ఉన్నిటోపీ, కాళ్ళకు పగలు తొడిగినవి గాక పొడి ఉన్నిమేజోళ్ళు, పండుకొనుటకు ముందు కొంచెము భోజనము అవసరము. ఆకలితో పండుకొన్న శరీరమునకు వేడి పుట్టింప కట్టె లేని పొయ్యివలె నగును.

మంచి యీకల అడుగుబొంతకు అచ్చట 200 డాలర్లకు పైగా నగును. చదువుకొను పిల్లకు ఇది చిన్న మొత్తము గాదు. ఒకసారి పోయి మఱల పోవునో లేదో తెలియనప్పుడు అప్పుచేసి కొననక్కఱలేదు. పలు విశ్వవిద్యాలయములలో ఇట్టి సామగ్రిని అద్దెకిచ్చు విభాగములు గలవు. అలవాటున్న స్నేహితురాండ్రనుండి యెరువు తెచ్చుకొనవచ్చును. అదియు దొరకనిచో, గట్టి నురుగుతో చేసిన చాప నొకటి ఊయలలో పఱచుకొనవచ్చును. అది బరువునకు నలుగదు, వెల స్వల్పము. కాని ప్రక్కలకు జాఱును, భుజముల వెడల్పునకు చాలదు, చెమ్మ పట్టును. చలి తక్కువగా నున్న రాత్రికే అది తగును.

ఇక అత్తగారి భయమును తేలికగా త్రోసివేయరాదు. శరీరపు లోపలి వేడి 35 సెంటీగ్రేడు డిగ్రీలకు దిగజాఱినచో ప్రాణాపాయము. ఎడతెగని వణకు, మాట తడబడుట, వ్రేళ్ళు పట్టుదప్పుట, ఏమియు పట్టనట్టి మత్తు దాని గుర్తులు. విశేషమేమనగా, అట్టి స్థితిలో నున్న మనిషి తనకేమియు కాలేదనియే చెప్పును. కావున ప్రక్కవారు కనిపెట్టవలయును. తడిబట్టలు మార్చి, గాలి లేని చోట వెచ్చగా కప్పి, తెలివిగా నున్నచో వేడి తీపి పానీయ మిచ్చి, సాయము పిలువవలయును. వణకు తనంతట ఆగిపోయినదని సంతోషింపరాదు. వేడెక్కకయే వణకు ఆగుట మఱింత ప్రమాదము. శీతోష్ణముల నోర్చుకొనుమని పెద్దలు చెప్పిరి గాని వానిని తెలియక యెదిరింపుమని చెప్పలేదు.

కావున సోదరీ, అమ్మాయిని పోవలదని శాసింపకుడు. వలదన్నచో పోవుట మానునో లేదో గాని, మీతో చెప్పుట మానును. బదులుగా మూడు ప్రశ్న లడుగుడు. ఆ కొండమీద రాత్రి చలి యెంత? నీ యడుగుబొంత యంతకంటె నెంత దిగువ చలికి ఆగును? ప్రయాణమునకు ముందు ఇంటి చేరువ నొక చల్లని రాత్రి, చలి వేసినచో లోపలికి వచ్చి పండుకొనగల చోట, ఆ యూయలలో పండుకొని చూచితివా? మూడింటికిని సరియైన సమాధానము వచ్చినచో ఆశీర్వదించి పంపుడు. మూడవదానికి "లేదు" అన్నచో, ఆ యొక్క రాత్రి పరీక్ష యైన పిమ్మటనే కొండకు పొమ్మని చెప్పుడు. అత్తగారికిని ఈ మాట నచ్చునని నా నమ్మకము.