సీతాముఖం నుండి రామకథ

శ్రీమద్రామాయణాన్ని కేవలం కథగా చదివేవారికి అది ఒక మహాసాహసగాథ. ధనుర్భంగం, వనవాసం, సముద్రలంఘనం, సేతుబంధనం, రావణవధ అనే ఘట్టాలన్నిటిలో వీరుల పరాక్రమమే కనబడుతుంది. ఇదే గాథను జానకీదేవి దృష్టితో తిరిగి చెప్పాలనే ప్రయత్నాలు ఈ కాలంలో పెక్కు జరిగాయి. తెలుగులో వాటిలో ప్రసిద్ధమైనది ఓల్గా రచించిన ‘విముక్త’. ఆ కథాసంపుటికి 2015 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అందులో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకొంటుంది.

ఇటువంటి రచనలు వెలువడినప్పుడల్లా ఆస్తికలోకంలో ఒక ఆక్షేపం వినబడుతుంది. రామకథను సీత పక్షాన చెప్పే అధికారం వీరికి ఎవరిచ్చారని ఆ ఆక్షేపం. రచనలోని సిద్ధాంతాలతో విభేదించవచ్చు. కాని ఈ ఆక్షేపం మాత్రం నిలువదు. ఆ అధికారాన్ని ఇచ్చినవాడు ఆదికవియే. బాలకాండ చతుర్థసర్గలో ఆయన తన కావ్యాన్ని సమగ్రంగా సీతయొక్క మహాచరితమని పేర్కొన్నాడు. శ్రీవైష్ణవాచార్యులైన పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణంలో, రామాయణం చెప్పేది చెరలో ఉన్న తల్లి వైభవాన్నేనని నిర్ణయించారు. ఇది సంప్రదాయానికి వెలుపలి మాట కాదు.

పేరు పెట్టడంతో మహర్షి ఆగలేదు. సీత తన కథను తానే చెప్పే సందర్భాలను కావ్యంలో నిలిపాడు. అయోధ్యాకాండ 118వ సర్గలో అనసూయాదేవి కోరగా, సీత తన జననాన్ని, స్వయంవరాన్ని స్వయంగా వర్ణిస్తుంది. బాలకాండలో శివధనుస్సు కథ విన్నవారికి రాముని బాహుబలం గుర్తుండిపోతుంది. సీత చెప్పినప్పుడు మరొకటి తెలుస్తుంది. యుక్తవయస్సు వచ్చిన కుమార్తెను చూసి, ఉన్న ధనం పోగొట్టుకొన్న దరిద్రునివలె జనకమహారాజు చింతాక్రాంతుడయ్యాడట. మహాజ్ఞాని అయిన జనకునిలోని ఆ తండ్రి వేదనను చూడగలిగినది కూతురే. అరణ్యకాండ 47వ సర్గలో సన్న్యాసివేషంలో వచ్చిన రావణునికి, సుందరకాండ 33వ సర్గలో హనుమంతునికి కూడా ఆమె తన వృత్తాంతాన్ని తానే చెప్పుకొన్నది.

వీటన్నిటికంటె గంభీరమైనది అరణ్యకాండ నవమసర్గ. దండకారణ్యంలో ఋషులకు రాక్షససంహారం చేస్తానని మాట ఇచ్చి రాముడు బయలుదేరాడు. వీరగాథ ముందుకు సాగవలసిన ఆ క్షణంలో సీత ఆపి ప్రశ్నించింది. కామం వలన పుట్టే దోషాలు మూడు: అసత్యం, పరదారాభిలాష, వైరం లేకుండా హింసించడం. మొదటి రెండూ నీలో లేవు, మూడవది మాత్రం ఇప్పుడు నీకు సమీపిస్తున్నది అని ఆమె చెప్పింది. ఇంద్రుడు దాచమని ఇచ్చిన ఖడ్గాన్ని నిత్యం వెంట మోస్తూ క్రమంగా క్రూరుడై తపస్సు పోగొట్టుకొన్న ఒక మునికథనూ వినిపించింది. ఆయుధం దగ్గర ఉంటే బుద్ధి దానివైపు తిరుగుతుందని ఆమె భయం.

దశమసర్గలో రాముడు సమాధానం చెప్పాడు. శరణాగతులైన ఋషులకు ఇచ్చిన మాటను తప్పలేనన్నాడు. ఇక్కడ అహింసకూ ప్రతిజ్ఞాపాలనకూ మధ్య నిజమైన ధర్మసంకటం ఉన్నది. అయితే రాముడు ఆమెపై కోపించలేదు. స్నేహంతో ఈ మాట చెప్పావు, సంతోషించాను, ఇష్టులు కానివారికి ఎవరూ హితం చెప్పరు కదా అన్నాడు. సీత ప్రశ్నకు స్వామియే సంతోషించగా, భక్తులు నొచ్చుకోవడంలో అర్థమేమున్నది?

ఈ సర్గ ఎందరికి తెలుసు? నవాహ ప్రవచనాలలో శివధనుర్భంగానికి ఒక దినం, లంకాదహనానికి ఒక దినం దక్కుతాయి. నవమసర్గ తరచుగా రెండు వాక్యాలలో గడచిపోతుంది. తన్ను వనానికి తీసుకుపోనన్న భర్తను, పురుషరూపంలోని స్త్రీవి అని అయోధ్యాకాండలో సీత నిందించిన మాటను కొందరు పౌరాణికులు సంకోచంతో దాటవేస్తారు. పట్టాభిషేకంతో మంగళం పాడడం ఆచారం గనుక, ఉత్తరకాండలో భూదేవిని వేడుతూ ఆమె పలికిన చివరి మాటలు సభకు చేరవు. మూలంలో ఉన్న సీత వాక్కును వినిపించనిది పండితులే. ఆ శూన్యాన్ని నవీనరచయితలు తమ ఊహతో పూరిస్తే నిందించడం న్యాయం కాదు.

తెలుగునాట స్త్రీలు ఈ శూన్యాన్ని ఏనాడో గుర్తించారు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ వంటి పాటలలో అంతఃపురపు దుఃఖాన్ని తామే గానం చేసుకొన్నారు. వారిని ధర్మద్రోహులని ఎవరూ అనలేదు.

నవీనరచనలతో ఒక విభేదం మాత్రం చెప్పక తప్పదు. ‘విముక్త’లో సీత ఇతర స్త్రీల అనుభవాలనుండి నేర్చుకొంటుంది. వాల్మీకి సీత నేర్పేది. రావణవధానంతరం తన్ను బాధించిన రాక్షసస్త్రీలను చంపడానికి హనుమంతుడు అనుమతి కోరితే ఆమె వారించింది. రాజాజ్ఞకు లోబడిన దాసీలపై కోపమెందుకని, తప్పు చేయనివారెవరని పలికింది. ఈ దయ ముందు రాముని సభ కూడా చిన్నదైపోయిందని పరాశరభట్టరు శ్రీగుణరత్నకోశంలో స్తుతించారు. ఆ ఔన్నత్యం ఎవరో బోధించగా వచ్చినది కాదు.

సికింద్రాబాదు పురవాసులకు అమ్మవాక్కు వినడం కొత్త కాదు. ఉజ్జయినీ మహంకాళి బోనాల మరునాడు పచ్చికుండపై నిలిచిన స్త్రీ రంగం చెప్పేవేళ ఆలయప్రాంగణం నిశ్శబ్దమవుతుంది. ఆమె మందలించినా భక్తులు చేతులు జోడించి వింటారు. అదే శ్రద్ధ ఈ నగరపు రామాలయాలలో సీతావాక్కుకు ఎందుకు దక్కకూడదు? వచ్చే శ్రీరామనవమి ప్రవచనాలలో ఒక సాయంకాలాన్ని పూర్తిగా ఆమె మాటలకే కేటాయించవచ్చు. అనసూయతో సంవాదం, నవమసర్గ, అశోకవనంలో ఆత్మకథ, రాక్షసస్త్రీలకు అభయం, చివరగా భూప్రవేశం మూలశ్లోకాలతో తాత్పర్యసహితంగా వినిపిస్తే చాలు. కొత్తగా కల్పించవలసినది ఏమీ లేదు.

స్వస్తి.