ఒకే కాయకు మూడు పేర్లు: బిల్లుపై ఏది రాయాలి?

నున్న యార్డులో బంగినపల్లిగా పాట జరిగిన సరుకు హైదరాబాద్ వర్తకుల నోట బేనిషాన్ అవుతుంది. ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో లారీ దిగేసరికి అదే సఫేదా. వాడుకలో ఇది ఎవరికీ చిక్కు కాదనిపించవచ్చు. కాని నాణ్యతపై తగాదా వచ్చిన రోజున బిల్లుపై ఏ పేరు ఉన్నదనేదే ప్రశ్న అవుతుంది.

బంగినపల్లి ఊరి పేరు. బనగానపల్లె ఒకప్పుడు నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానం. 1948లో మద్రాసు రాష్ట్రంలో విలీనమైంది. చాలాకాలం కర్నూలు జిల్లాలో ఉండి, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నది. ఆ ఊరి పేరే జనం నోట బంగినపల్లి అయింది. బేనిషాన్ అంటే పారశీకంలో మచ్చ లేనిది అని అర్థం. నున్నని పలుచని తోలుకు తగిన మాటే. సఫేదా అంటే తెల్లనిది. మొదటి పేరు పుట్టుకను చెబుతుంది, తక్కిన రెండూ రూపాన్ని చెబుతాయి.

చిక్కు ఇక్కడే ఉన్నది. రూపాన్ని చెప్పే పేరు మరో కాయకూ చెల్లుతుంది. ఉత్తరప్రదేశ్‌లో లక్నో సఫేదా అనే వేరే రకం ఉన్నది. బిల్లుపై ఒట్టి సఫేదా అని రాస్తే మన సరుకుకు ప్రత్యేకత ఏమి మిగులుతుంది?

ఊరి పేరు పెట్టుకున్నంత మాత్రాన కాయ ఆ ఊరిదే కానక్కరలేదు. టెంకె నాటితే తల్లి చెట్టు గుణం నిలవదు గనుక ఈ రకం అంటు మొక్కల ద్వారానే వ్యాపించింది. అంటుతోపాటు పేరూ ప్రయాణించింది. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు లభించినపుడు బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలను మూల స్థానంగా చూపారు. రాయలసీమ, కోస్తా, తెలంగాణలోని కొన్ని జిల్లాలను తర్వాతి స్థానంలో చేర్చారు. కనుక కృష్ణా జిల్లా తోట కాయను ఆ పేరుతో అమ్మడం తప్పు కాదు. వేరే రకాన్ని కలిపి అమ్మడం తప్పు. ముదరని కాయను ముందుగా కోసి అదే పేరుతో పంపడం మరింత నష్టం. మొదటి లారీలో పుల్లకాయ తిన్న ఊరి కొనుగోలుదారు సీజను పొడుగునా బేరం తగ్గిస్తాడు. ఆ నష్టం చివరకు రైతు మీదనే పడుతుంది.

ఢిల్లీ వర్తకునికి సఫేదా అంటేనే తెలుస్తుంది, కొత్త పేరు ఎందుకని కొందరు అడతీదారులు అనవచ్చు. వాడుక పేరు మానమని ఎవరూ అనడం లేదు. బిల్లుపైనా పెట్టెపైనా ముందు బనగానపల్లె మామిడి అని, పక్కన సఫేదా లేదా బేనిషాన్ అని, కింద కాయ వచ్చిన జిల్లా పేరు రాస్తే చాలును. దీనికి అయ్యే ఖర్చు ఒక ముద్ర మాత్రమే. చట్టప్రకారం అధీకృత వినియోగదారులుగా నమోదయ్యే అవకాశాన్ని రైతులు కూడా ఉపయోగించుకోవలసి ఉన్నది.

గుర్తింపు కాగితం ప్రభుత్వం తెచ్చింది. దానికి మార్కెట్లో విలువ కట్టవలసినది వర్తకులే. మనమే ఆ పేరు రాయకపోతే, దూరపు మండీలో మరెవరో తమకు తోచిన పేరు పెట్టి, తమకు తోచిన ధర కడతారు.