నత్తి ఉందని ముందే చెబుదాం

ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి



ఈ కరపత్రం రాస్తున్న నాకు నత్తి ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది, ఇప్పటికీ ఉంది. ఈ సంగతి పదిమందిలో చెప్పుకుంటే పోయేదేమీ లేదనీ, దాచుకుంటేనే బతుకు ఇరుకైపోతుందనీ చెప్పడానికే దీన్ని మీ చేతికిస్తున్నాను.

పెద్దవాళ్ళలో దాదాపు నూటికి ఒకరికి నత్తి ఉంటుందని అంచనా. మన రెండు నియోజకవర్గాల్లో కలిపి నాలుగు లక్షలకు పైగా ఓటర్లున్నారు. ఆ లెక్కన దగ్గర దగ్గర నాలుగు వేల మంది. వాళ్ళలో మీకు ఎంతమంది తెలుసు? ఒకరో ఇద్దరో! మిగతావాళ్ళు మన మధ్యే దాచుకుని తిరుగుతున్నారు. నోట రాని మాటకు బదులు వచ్చే మాట వెతుక్కుంటారు. ఫోను మోగితే పక్కవాళ్ళ చేతికిస్తారు. దిగాల్సిన ఊరి పేరు కండక్టరుకు చెప్పలేక, నోటికొచ్చిన ఇంకో ఊరికి టికెట్ తీసుకుంటారు. గ్రామసభలో అడగాల్సింది అడగకుండానే లేచొస్తారు. ఏ మాటకైనా బదులు దొరుకుతుంది గానీ సొంత పేరుకు దొరకదు. అందుకే "నీ పేరేంది?" అన్న చోటే చాలామంది ఆగిపోతారు. ఎదుటివాళ్ళు నవ్వేదీ అక్కడే.

నత్తి ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ళ వయసులో, పిల్లకాయలు మాటలు నేర్చేటప్పుడు మొదలవుతుంది. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. మాటను నడిపించే మెదడు పనితీరులో ఉండే తేడా దీనికి మూలం. తల్లి పెంపకం వల్ల రాదు. ఇంకొకరిని వెక్కిరిస్తే అంటుకోదు. తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు.

చిన్నతనంలో నత్తి మొదలైన పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి దానంతటదే పోతుంది. అలా నత్తి పోయిన పిల్లల్ని చూసే వసకొమ్ము పనిచేసిందనీ, చిలక కొట్టిన జామపండు పనిచేసిందనీ, నాలుక కింద నరం కోయిస్తే తగ్గిందనీ నమ్ముతున్నాం. ఏ.ఎస్.పేట దర్గాలో మొక్కుకున్నా, పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్నా అది మీ విశ్వాసం, ఎవరూ కాదనరు. కానీ నత్తి పోవాలని బిడ్డ నాలుకకు కత్తి పెట్టించకండి. నత్తి ఉన్నవాళ్ళు పాట పాడితే దాదాపు తడబడరు, నలుగురితో కలిసి చదివినా అంతే. లోపం నాలుకలోనే ఉంటే పాటలోనూ తడబడాలి కదా!

పెద్దయ్యాక మిగిలిన నత్తిని పూర్తిగా పోగొట్టే మందు లేదు. స్పీచ్ థెరపీతో మాట తేలికవుతుంది, భయం తగ్గుతుంది. దాచడం ఈ థెరపీకి నేరుగా అడ్డం పడుతుంది. ఎక్కడ బయటపడుతుందో అన్న బెదురు గొంతును ఇంకా బిగిస్తుంది. "నాకు నత్తి ఉందండి, చెప్పడానికి కాస్త టైం పడుతుంది, వినండి" అని మొదట్లోనే అనేస్తే ఆ బెదురుకు సగం బలం పోతుంది. ఎదుటి మనిషికీ ఏం జరుగుతోందో అర్థమవుతుంది. క్షమాపణలు అడుక్కోకుండా మామూలుగా చెప్పినవాళ్ళను వినేవాళ్ళు మరింత ఆదరంగా చూస్తారని పరిశోధనల్లోనూ తేలింది. నత్తి నేరం కాదు, క్షమించమని అడగాల్సిన పనే లేదు.

మన నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తర్వాత సీపీఎం ప్రధాన కార్యదర్శి అయిన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌కు నత్తి ఉండేది. ఆ నత్తితోనే 1957లో కేరళ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మీకు ఎప్పుడూ నత్తేనా అని ఒకరు అడిగితే, కాదు, మాట్లాడేటప్పుడే అన్నారని చెప్పుకుంటారు. ఆయన దాచలేదు. జనం ఆగి విన్నారు, ఓట్లేసి గెలిపించారు.

పెళ్ళి సంబంధాల దగ్గర మనవాళ్ళు మరీ దాస్తారు. ఆడపిల్లకు నత్తి ఉంటే పెళ్ళిచూపుల్లో నోరు తెరవనివ్వరు, మా అమ్మాయి నెమ్మదస్తురాలని చెబుతారు. పెళ్ళయ్యాక ఆ పిల్ల అత్తగారింట్లో ప్రతి మాటకూ భయపడుతూ బతకాలి. మొదటి రోజే చెప్పండి. అది విని వెనక్కి తగ్గే సంబంధం తప్పిపోవడమే ఆ బిడ్డకు మేలు.

అయితే చెప్పేవాళ్ళ ధైర్యం ఒక్కటే సరిపోదు, వినే ఊరు కూడా ఉండాలి. అందుకే ఇవి అడుగుతున్నాం:

1. బడుల్లో హాజరు పిలిచినప్పుడు నత్తి ఉన్న పిల్లలు చెయ్యెత్తితే చాలనాలి. పాఠం చదివించేటప్పుడు తోటి విద్యార్థితో కలిపి చదివించాలి. ఏది వీలో ఆ బిడ్డనే విడిగా పిలిచి అడగాలి. "నత్తోడా" అన్న పిలుపు తరగతిలో వినపడకూడదు.

2. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ వరకూ పరీక్షలు చేస్తారు. ఆ పరీక్షల్లో నత్తినీ తప్పకుండా గమనించి రాయాలి. ఆరు నెలలు దాటినా నత్తి తగ్గని బిడ్డను స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాలి.

3. ఆత్మకూరు, ఉదయగిరి ప్రభుత్వాసుపత్రులకు వారానికి ఒక్కరోజైనా స్పీచ్ థెరపిస్టు రావాలి. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్ల దరిదాపు. కూలికి పోయే తల్లి ప్రతి వారం పని మానుకుని బిడ్డను అంత దూరం తిప్పలేదు.

4. బ్యాంకుల్లో, సచివాలయాల్లో, ఉద్యోగ ఇంటర్వ్యూల్లో నత్తి ఉందని చెప్పినవారికి అదనంగా సమయమివ్వాలి.

5. మనందరం ఒకటి పాటించాలి. ఎదుటివాళ్ళ మాటను మనం పూర్తి చెయ్యొద్దు. "నిదానంగా చెప్పు, గాలి పీల్చుకో" అని సలహా ఇవ్వొద్దు. మొహం చూస్తూ ఆగుదాం.

నత్తి ఉన్నవాళ్ళే నడుపుకునే ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ 2008 నుంచి మన దేశంలో స్వయం సహాయక బృందాలను ప్రోత్సహిస్తోంది. ఆత్మకూరులో, ఉదయగిరిలో కూడా అలాంటి బృందం మనమే పెట్టుకోవచ్చు. నలుగురు కూర్చోడానికి ఒక గది, నెలకో ఆదివారం చాలు.

అక్టోబరు 22 అంతర్జాతీయ నత్తి అవగాహన దినం, 1998 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు మన మండలాల్లోని ప్రతి హైస్కూలు ప్రార్థన సమావేశంలో ఐదు నిమిషాలు ఈ విషయం మాట్లాడించమని ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాం.

నత్తి ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అంతవరకూ ఆగకండి. ఈ వారంలోనే మీరు నమ్మే ఒక్క మనిషికి చెప్పండి. వచ్చే వారం ఇంకొకరికి చెప్పండి. వినేవాళ్ళారా, ఆ మాట పూర్తయ్యేదాకా ఆగండి.