గుడ్డముక్కే కదా!

ముందుగానే ఒప్పుకుంటున్నాను. ఈ వ్యాసంలో మొదటి ముద్దాయిని నేనే.

మా వీధి చివర ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. పేరెందుకు లెండి. గుడ్డతో పువ్వులు చేసి, వెనకాల పిన్నీసు కుట్టి, బ్రోచీలుగా అమ్ముతుంది. పైటకి పెట్టుకున్నా, చంటిపిల్ల గౌనుకి పెట్టినా ముచ్చటగా ఉంటాయి. కిందటి శ్రావణంలో మా మేనకోడలి నిశ్చితార్థానికి పన్నెండు కావాలని వెళ్ళాను.

"ఒక్కోటి నూట యాభై, పిన్నిగారూ" అంది గోడకేసి చూస్తూ.

"గుడ్డముక్కే కదే తల్లీ! అదీ టైలరు పారేసింది. అరవై చేసుకో" అన్నాను.

గుక్క తిప్పుకోకుండా అన్నాను సుమండీ. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి "సరేలెండి" అంది. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పుకున్నాను కూడా.

నాలుగో రోజు తెచ్చుకుందామని వెళితే పదకొండే అయ్యాయి. "కూర్చోండి, ఇది కూడా చేసిచ్చేస్తాను" అంది. కూర్చున్నాను. అక్కడ పట్టుబడ్డాను.

శాటిన్ ముక్కని గుండ్రంగా, ఒకదానికంటే ఒకటి చిన్నదిగా కత్తిరించింది. కొవ్వొత్తి వెలిగించి అంచుల్ని సెగకి చూపించింది. దగ్గరైతే నల్లబడుతుంది, దూరమైతే ముడుచుకోదు. ఆ మధ్యనున్న నూలుపోగంత జాగాలో చెయ్యి నిలవాలి. వేళ్ళ కొసలు చూశాను, రెండు బొబ్బలున్నాయి. "మరి పట్టుముక్కలో?" అన్నాను. అసలు పట్టు కరగదట, వెంట్రుక కాలిన వాసన వేసి బొగ్గవుతుందట. నూలుదైతే కాగితంలా అంటుకుంటుంది. అందుకని వాటికి వేరే పద్ధతి. గుండ్రటి ముక్కని సగానికి, మళ్ళీ సగానికి మడిచి, వంపు అంచున పరుగుకుట్టు వేసి దారం లాగితే ఒక రేకు. అలాంటివి అయిదు ఒకే దారానికి గుచ్చి, బిగించి, ముడేస్తే పువ్వు. మధ్యలో గుడ్డ చుట్టిన గుండీ, వెనకాల దళసరి గుడ్డ బిళ్ళ, దాని మీద పిన్నీసు. పిన్నీసు సరిగ్గా మధ్యలో కుడితే బరువుకి పువ్వు తలకిందులవుతుందట. కాస్త పైకి కుట్టాలట! ఇవన్నీ ఏ కాలేజీలో చెబుతారు?

గోడ గడియారం చూశాను. గంటంపావు పట్టింది.

నేను బి.ఏ. చదివినదాన్ని, లెక్కలంటే భయం. అయినా ఆ రాత్రి కాగితం తీసుకుని వేశాను. పన్నెండు పువ్వులకి పదిహేను గంటలు. నేనిచ్చేది 720 రూపాయలు. గుండీలు, పిన్నీసులు, దారం, కొవ్వొత్తి కలిపి పువ్వుకి ఇరవై తీసేస్తే మిగిలేది 480. అంటే గంటకి 32 రూపాయలు. చేతులు కాల్చుకుని, కళ్ళు పొడుచుకుని గంటకి 32! అదే వారంలో పెద్ద షాపులో ధర చీటీ చూసి నోరెత్తకుండా చీర కొనుక్కున్నాను. అద్దాల తలుపున్న చోట మనకి నోరు పెగలదు. అరుగు మీద కూర్చున్న ఆడదాని దగ్గర మాత్రం మనంత గడుసువాళ్ళు లేరు.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. నర్సాపురం లేసు అల్లికలు తెలియనిదెవరికి? ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒకరు లేసు పువ్వులు అల్లితే మరొకరు అతుకుపని చేస్తారు. సరుకు సముద్రాలు దాటి పోయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ వచ్చి, వాళ్ళ మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకమే అచ్చువేసింది. ఆవిడ చెప్పినదాని సారాంశం ఒకటే: వీళ్ళు పొద్దస్తమానం ప్రపంచ మార్కెట్టుకి పనిచేస్తున్నా, లోకం దృష్టిలో గృహిణులే. పని కాదు, తీరిక వేళ కాలక్షేపం! 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. లేసుకి గుర్తింపు సరే, అల్లిన చేతి మాటేమిటి?

"అన్నింటికీ రేటు కట్టుకుంటూ పోతే ఇంక ఆప్యాయతలేం మిగుల్తాయి?" అని మా వదినగారు అడిగారు. నిజమే, నేనూ కాదనను. మా అమ్మ కుట్టిచ్చిన బొంతకి ఖరీదు కట్టగలనా? కానీ వదినగారూ, ప్రేమతో ఇచ్చేది చేసినవాళ్ళు ఇవ్వాలి. మనం గుంజుకుని దానికి ఆప్యాయత అని పేరు పెడితే ఎలా? నా నవలలు ఊరికే ఇమ్మని అడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పారితోషికం ఆలస్యమైతే సంపాదకుడికి ఉత్తరాలు రాస్తాను. నా కాగితానికొక న్యాయం, ఆ పిల్ల గుడ్డకొక న్యాయమా?

చేసే అమ్మాయిలకీ నాలుగు చీవాట్లు పెట్టాలి. "మీకు తోచింది ఇవ్వండి" అనడం మానండి. మాకు తోచేది ఎప్పుడూ తక్కువే! పట్టిన గంటలు రాసుకోండి, ధర కాగితం మీద రాసి గోడకి అంటించండి. గోడకేసి చూస్తూ చెప్పేకంటే గోడే చెప్పడం మేలు.

మర్నాడు మిగతా డబ్బు 1,080 రూపాయలు తీసుకెళ్ళాను. తీసుకోలేదు. "మాట అనుకున్నాం కదా పిన్నిగారూ" అని నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

సంక్రాంతి తర్వాత ఆ అమ్మాయి పువ్వులు చెయ్యడం మానేసింది. ఇప్పుడు బజారులో రెడీమేడ్ బట్టల షాపులో కౌంటరు దగ్గర నిలబడుతోంది. మొన్న వెళితే అక్కడ అట్టకి గుచ్చిన గుడ్డపువ్వుల బ్రోచీలు కనబడ్డాయి, మిషను మీద చేసినవి. ఒక్కోటి 199 రూపాయలు.

నేను నిలబడ్డ పది నిమిషాల్లో ముగ్గురు కొన్నారు. ఒక్కరూ బేరమాడలేదు.